మావయ్య మూడో కుప్ప

మొన్న పొద్దున్న రాజోలులో మా తమ్ముడి ఇంటి వరండాలో కాఫీ తాగుతుంటే, ఇంటి నుంచే ఉద్యోగం చేసే మా మేనకోడలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని విసుక్కుంటోంది. కళ్ళద్దాలు సవరించుకుని తొంగి చూస్తే ఎర్రటి అక్షరాల్లో 'ఎర్రర్' అని ఉంది, 'ఫెయిల్' అని కాదు. ఆ రెంటికీ తేడా తెలిసిన మేనత్త ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే అయి ఉంటాను. చాలా ఏళ్ళకి పాత స్నేహితురాలు ఎదురుపడినట్టు నాకు ప్రాణం లేచొచ్చింది.

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. ఆ రోజుల్లోనే అమలాపురంలో, మందుల షాపు పైన మేడగదిలో నడిచే ఒక చిన్న ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. మూడు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే ఇంటికే. మా ఇంటి ఆడపిల్లల్లో ఉద్యోగానికి బయలుదేరిన మొదటిదాన్ని కావడంతో, నేను బస్సు కోసం నడుస్తుంటే వీధి వీధంతా చూసేది, నేనూ చూడనిచ్చేదాన్ని.

ప్రోగ్రాము ముక్కలన్నీ ఒకచోట కూర్చి, టెస్టులు వరసగా నడిపి ఫలితం చెప్పే బిల్డ్ సిస్టమ్ ఒకటి మావాళ్ళు తయారు చేస్తున్నారు. టెస్టు నెగ్గితే పాస్, ఓడితే ఫెయిల్. కావలసిన ఫైలు దొరక్కో మరోటో అసలు టెస్టే నడవకపోతే అది హార్డ్ ఎర్రర్. ఇప్పట్లో ఎలాగూ ఫెయిలవుతాయని తెలిసిన టెస్టుల పేర్లు ఒక జాబితాలో రాసుకుంటే, అవి ఓడినా సిస్టమ్ గోల చెయ్యదు. హార్డ్ ఎర్రర్ వస్తే మాత్రం, జాబితాలో ఉన్న టెస్టుకైనా సరే, గోల చేసి తీరాలి. చేస్తోందో లేదో కనిపెట్టడమే నా పని.

అందుకోసం నేనెంతో ముచ్చటపడి రాసుకున్న టెస్టు నడిస్తేనా! ఎన్నిసార్లు మొదలుపెట్టినా తెర మీద హార్డ్ ఎర్రర్ అంటూ ఎర్ర గీతే. మూడో నెల చివరి శనివారం ఇంక సిగ్గేసి, దాని పేరు ఆ జాబితాలోకి తోసేశాను. ఎర్ర గీత మాయమై తెర చల్లగా పచ్చబడింది. సరిగ్గా అప్పుడే మా సీనియర్ గారు వచ్చి అయిందా అని అడిగారు. పెద్దవాళ్ళు అడిగినదానికి కాదనడం మా వైపు పుట్టినవాళ్ళకి చేతకాని విద్య. "ఆయ్, అయిపోయిందండి," అనేశాను.

మర్నాడు కొత్తపేట దగ్గర మా మేనమామ ఇంటికి వెళ్ళాను. ఆయన అటక నిండా కురిడీ కాయలుండేవి. ఏడాది పొడుగునా అటక మీద ఎండిన కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టి ఊపితే, లోపల ఎండిన కొబ్బరి గుండు లొడలొడలాడితే కురిడీ అయినట్టు, నీళ్ళ చప్పుడైతే ఇంకా కానట్టు. ఒక్క పచ్చికాయ వెళ్ళినా బస్తా పాడవుతుంది కాబట్టి షావుకార్లు మావయ్య చెవి మీదే ఆధారపడేవారు. ఆ రోజు ఒక షావుకారు లారీతో సహా వచ్చి వీధిలో నిలబడి ఉన్నారు. మావయ్యకేమో జలుబు. పది కాయలు ఊపి, అయినవాటిలోనూ వెయ్యకుండా, కానివాటిలోనూ వెయ్యకుండా విడిగా మూడో కుప్ప పెట్టి లేచి నిలబడ్డాడు.

"చెవులు దిబ్బళ్ళేశాయండి షావుకారుగారూ. ఇయ్యాల నేను చూడలేను. కాయల తప్పేం లేదు, ఎల్లుండి రండి."

"లారీ వచ్చేసిందండి బాబూ, ఏదో ఒకటి చెప్పెయ్యండి," అన్నారాయన.

"చూడకుండా ఏం చెప్పనండి?" అని మావయ్య చక్కా వెళ్ళి ఆవిరి పట్టుకున్నాడు. షావుకారు గొణుక్కున్నా, లారీ మాత్రం ఖాళీగానే వెళ్ళింది. అక్కడున్నవాళ్ళలో సిగ్గుతో తల దించుకున్నదాన్ని నేనే.

సోమవారం పొద్దున్నే సీనియర్ గారి ముందు నిలబడ్డాను. ఉద్యోగం పోయినట్టేనని నిశ్చయించుకుని, ఆ టెస్టు నేను నడపలేకపోయానండి, కనబడకూడదని జాబితాలో పెట్టేశానండి అని ఒక్క గుక్కలో చెప్పి ఏడ్చేశాను. ఆయన కుర్చీ లాక్కుని నా కంప్యూటరు ముందు కూర్చున్నారు, కాసేపటికి పకపకా నవ్వారు.

"జాబితాలో పెట్టగానే హార్డ్ ఎర్రర్ని సిస్టమ్ మింగేసిందన్నమాట. మిమ్మల్ని పట్టుకోమన్నది దీన్నేనండి. దొరికితే ఏడుస్తారేంటండీ?"

నా దొంగతనానికి సిస్టమ్ దొంగతనం తోడైందన్నమాట. ఉద్యోగం నిలిచింది. ఆ లోపం సరిచేశాక అదే టెస్టుని కావాలనే చెడగొట్టి, జాబితాలో ఉంచే నడిపాం. ఎర్ర గీత వచ్చింది. ఆ గీతని చూసి చప్పట్లు కొట్టుకున్నాం, కింద మందుల షాపాయన ఏం జరిగిందోనని మెట్లెక్కి వచ్చేదాకా.

ఇప్పుడు మావయ్యా లేడు, ఆ అటకా లేదు. మొన్న నేనిదంతా తలుచుకుంటుండగానే మా మేనకోడలికి వాళ్ళ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "టెస్ట్ రన్ చెయ్యలేకపోయానండి, సాయంత్రం చూస్తాను," అని చెప్పి, ఫోన్ పక్కన పెట్టి తాపీగా కాఫీ అందుకుంది. ఎంత తేలిగ్గా అనేసిందో. నాకు సంతోషమూ వేసింది, కొంచెం కుళ్ళూ పుట్టింది. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఒక ఆదివారమూ, మావయ్య జలుబూ, అటకెడు కాయలూ కావలసివచ్చాయి.