రెండు చెట్ల నడుమ ఉయ్యాల

నా చిన్నప్పుడు ఏడాదిలో సగం రోజులు మా ఇల్లు గాడిద వీపు మీద తిరిగేది. మాది గొర్రెల కాపర్ల కుటుంబం. రాగి కోతలు అయిపోగానే సూళగిరి, గురుబరపల్లి చుట్టుపక్కల రైతులు మా నాయనను పిలిచి, మా చేలో మంద కట్టప్పా అని అడిగేవాళ్లు. గొర్రెలు రాత్రిళ్లు పడుకున్న చేనికి వేరే ఎరువు అక్కర్లేదు మరి. అందుకని ఒక చేలో కొన్నాళ్లు, ఇంకో చేలో కొన్నాళ్లు, మందతో పాటు మేమూ. గాడిద మీద కంబళ్లు, రాగి పిండి మూట, ఒక కుండ, వెదురు బద్దలతో అల్లి తాటాకు కప్పిన వంపు గూడు ఒకటి. కాళ్లు నొప్పులని నేను గోల చేస్తే వాటన్నిటి మీద నేను.

ఆ సామానులో ఏ రోజు ఏది దించాలో చెప్పేది మా అవ్వ. నాయనకు తల్లి, మా అందరికీ దొర. వానకారులో తాటాకు గూడు దించమనేది. చలికాలంలో కంబళిని నేలకు బాగా దగ్గరగా, గాలికి వీపు పెట్టి కట్టించేది. ఎండాకాలం నాలుగు కర్రల మీద కంబళి నీడ చాలు, మిగతాది ఒట్టి బరువు అనేది. తేళ్లు తిరిగే రాళ్ల నేల అయితే చంటిబిడ్డ చీర ఉయ్యాలలో ఉండాలి. ఈదురుగాలి లేస్తే ఉయ్యాల వద్దు, బిడ్డ తల్లి ఒళ్లోకి రావాలి. ఇదంతా ఆమెకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. అడిగే ధైర్యం ఎవరికుంది?

మొన్న నా మనవరాలు మిద్దె మీద నీలం రంగు గుడారం ఒకటి వేసి నన్ను కేకేసి పిలిచింది. హోసూరు నుంచి రోజూ బస్సులో బెంగళూరు ఆఫీసుకు పోయి వచ్చే పిల్ల. స్నేహితురాళ్లతో కొండల్లోకి పోయి, అక్కడే పడుకొని, మర్నాడు వస్తుందట. ఇల్లూ వాకిలీ ఉండి కొండల్లో పడుకోవడానికి డబ్బు పెట్టే కాలం వచ్చింది, సరే. ఫోనులో రకరకాలు చూపించింది. వానకు తట్టుకునేది, గాలి కొండకు పనికొచ్చేది, ఇద్దరు పట్టేది, నలుగురు పట్టేది, రెండు చెట్లకు కట్టుకునే ఉయ్యాల, దానికి దోమతెర. "నీకేది కావల్ల అవ్వా?" అని ఎగతాళి చేసింది. నేను ఉయ్యాల బొమ్మ దగ్గరే ఆగిపోయాను. రెండు లావుపాటి చెట్లు, నడుమ పచ్చని గుడ్డ, అందులో పడుకొని నవ్వుతున్న ఒక అమ్మాయి. నా చూపు ఆ అమ్మాయి మీదికి పోలేదు, చెట్ల మానుల మీదికి పోయింది. పట్టపగలు, సొంత మిద్దె మీద, మనవరాలి పక్కన కూర్చొని ఉండగా నాకు భయం వేసింది. ఆ భయం వయసు దాదాపు నా వయసంత ఉంటుంది.

మా అవ్వకు ఒక అలవాటు ఉండేది. అలవాటు అని మేము మర్యాదకు అంటాం గానీ అది చట్టమే. ఏ తావుకు పోయినా గాడిద మీది మూట విప్పక ముందు, మాటలు వచ్చిన వాళ్లలో అందరికంటే చిన్నవాళ్లను ఒట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టేది. ఆ రోజుల్లో ఆ మహాభాగ్యం నాది. కింద ఏం తగులుతోంది, పైన ఏం కనబడుతోంది, ఏం వాసన వస్తోంది అని ఒక్కొక్కటే అడిగేది. చీమలు కుడుతున్నాయంటే పక్కకు జరగమనేది. వీపుకు చల్లగా ఉందంటే తానూ చేత్తో తడిమి, వాననీళ్లు ఈ దోవనే పారతాయని గాడిదను ముందుకు తోలేది. పైన ఎండుకొమ్మ ఉందని చెబితే ఇంక ఆ చెట్టు వైపు తిరిగి కూడా చూసేది కాదు. రాత్రంతా పడుకోబోయే తావును నిలబడి చూస్తే ఏం తెలుస్తుంది అని ఆమె వాదన. నాకేమో ఒట్టి విసుగు. కడుపు కాలే వేళ, గరిక వీపుకు గుచ్చుకుంటుంటే, ఆకాశం చూస్తూ జవాబులు చెప్పడం ఎవరికి బాగుంటుంది?

ఆ రోజు మేము చేరింది సూళగిరికి అవతల, కొండ వారన ఉన్న ఒక రైతు పొలానికి. రాగి కోసి, గడ్డి వామి వేసి ఉంది. పొద్దు వాలుతోంది. రాకూడని కాలంలో మబ్బు పట్టి, కొండ మీద అప్పుడే ఉరుముతోంది. నా తమ్ముడు చంటివాడు, కూర్చోవడం కూడా రాదు. దారి పొడుగునా గుక్కపట్టి ఏడ్చాడు. చేను గట్టున ఒక చింతచెట్టు, ఒక కానుగచెట్టు ఉన్నాయి. వాటి నడుమ ఎడం ఉయ్యాల కోసమే వదిలినట్టు సరిగ్గా ఉంది. కింద నేల ఊడ్చి పెట్టినట్టు గట్టిగా, శుభ్రంగా ఉంది. ఒక రాయి లేదు, ఒక ముల్లు లేదు. అవ్వ ఇంకా మంద వెనకాల, కుంటి గొర్రెను అదిలించుకుంటూ వస్తోంది. వాన మీద పడేలా ఉందని అమ్మ ఆమె కోసం ఆగలేదు. తన మూటలోని ఒకే ఒక మంచి చీర తీసి, రెండు చెట్లకూ గట్టిగా ముడేసి, తమ్ముణ్ణి అందులో వేసింది. వాడు ఠక్కున ఏడుపు ఆపాడు. అమ్మ ముఖం చూడాలి అప్పుడు! నాయన కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకొని గూడు దించడం మొదలుపెట్టాడు.

అవ్వ వచ్చింది. కట్టిన ఉయ్యాలను చూసింది, అమ్మను చూసింది. నా వైపు తిరిగి నేల చూపించింది. కట్టేశాక ఇంకా చూసేదేముంది అని సణుగుతూ నేను ఉయ్యాల కిందే పడుకున్నాను. కింద ఏముందంటే, తట్టలు బోర్లించి ఒత్తినట్టు గుండ్రటి పల్లాలు ఉన్నాయని చెప్పాను. పైన ఏముందంటే, తమ్ముడు ఉన్నాడన్నాను. అమ్మ నవ్వింది. ఇంకా పైకి చూడమంది అవ్వ. చింతమాను వెంబడి చూపు పైకి పోయింది. నాయన చెయ్యెత్తినా అందనంత ఎత్తున మానుకు ఎర్రమన్ను పూసి ఉంది. అక్కడ బెరడు అరిగి నున్నగా అయింది. కానుగమానుకూ అలాగే.

"అవ్వా, అంత ఎత్తున చెట్టుకు మన్ను ఎవురు మెత్తినారు?" అని అడిగాను.

అవ్వ ఆ వయసులో మోకాళ్లు పట్టుకొని కిందికి దిగి, నా పక్కనే పడుకొని తానూ చూసింది. తర్వాత లేచి, నాయన చేతికర్ర తీసుకొని ఆ మన్నును గీకింది. రాలిన మట్టిని వేళ్ల మధ్య నలిపింది. అది పొడి కాలేదు, వేళ్లకు అంటుకుంది. ఆ వేళ్లను నాయనకు చూపించింది. అవ్వ ముఖంలో భయం నేను చూసింది ఆ ఒక్కసారే. అవ్వే భయపడితే ఇంక మాకు దిక్కెవరు అనిపించింది.

మా వాళ్లు పొద్దు గూకే వేళ ఏనుగు అనే మాట పలకరు. పెద్దోళ్లు అంటారు. బురదలో పొర్లి వచ్చి పెద్దోళ్లు ఒళ్లు రుద్దుకునే చెట్లు అవి. అంత శుభ్రంగా కనబడిన నేల వాళ్లు రోజూ నడిచి చదును చేసిన దోవ. వామిలో రాగి గడ్డి, చెట్టున చింతకాయ. రాకుండా ఎలా ఉంటారు?

అవ్వ ఎదుటి బండ వైపు చెయ్యి చూపించింది. నాయన ఒప్పుకోలేదు. "వాన వస్తాండాది కదమ్మా. ఆ బండ మీద బిడ్డను యాడ పడుకోబెడ్తావు?" అన్నాడు. చేనికి ఆ పక్క ఒక పెద్ద గుండురాయి, దాని మీద ఎత్తుగా బండ ఉన్నాయి. చెట్టూ చేమా లేని ఒట్టి రాయి.

"యాడైనా పడుకోబెడ్తా. ఈడ మాత్రం వద్దప్పా. మనం వాళ్ల వాకిట్లో ఉయ్యాల కట్టినాం" అంది అవ్వ.

అంతలో మా కుక్క చెవులు నిక్కబొడుచుకుంది. మొరగలేదు. తోక కాళ్ల మధ్య పెట్టుకొని నాయన కాళ్ల దగ్గరికి వచ్చి నిలబడింది. దాన్ని చూశాక నాయన మందను గుండు వెనక్కి తోలుకొని పోయాడు. అవ్వ గాడిదను పట్టుకుంది. అమ్మ మాత్రం ఉయ్యాల ముడి దగ్గర ఉంది. బిడ్డ బరువుకు ముడి బిగుసుకుపోయింది. అమ్మ గోళ్లతో లాగుతోంది, పళ్లతో లాగుతోంది, ముడి రావడం లేదు. కొండ వైపు ఒక కొమ్మ ఫెళ్లుమంది. తర్వాత ఇంకోటి, ఇంకా దగ్గరగా.

"చీర వదిలెయ్ తల్లీ, బిడ్డను ఎత్తుకో!" అంది అవ్వ. గట్టిగా కూడా అనలేదు. అమ్మకు అప్పుడు తెలివి వచ్చింది. తమ్ముణ్ణి ఉయ్యాలలోంచి లాక్కొని పరిగెత్తింది.

బండ మీద అందరం ఒకే కంబళి కింద బోర్లా పడుకున్నాం. నాయన కుక్కను మోకాళ్ల సందున ఇరికించుకొని దాని మూతి మూసి పట్టుకున్నాడు. తమ్ముడు ముఖం చిట్లించి ఏడుపుకు సిద్ధమయ్యాడు. అమ్మకు భయంతో పాలు చేపుకు రాలేదు. అవ్వ నా చెయ్యి పట్టి, నా ఎడమ చేతి చిటికెన వేలు వాడి నోట్లో పెట్టింది. వాడు పట్టుకొని చీకడం మొదలుపెట్టాడు. ఆ వేలు బయటికి వస్తే వాడు ఏడుస్తాడు, వాడు ఏడిస్తే అందరం పోతాం. అంత పెద్ద పని నా మీద పడింది. ఒళ్లంతా వణుకుతోంది, ఆ వేలు ఒక్కటి కదలకూడదు. అమ్మ పెదవులు మాత్రం కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తోందో.

కంబళి సందులోంచి చూశాను. చూడొద్దని ఎవరూ చెప్పలేదు, చెప్పినా చూసేదాన్నే. మసక వెలుతురులో చెట్ల నడుమ నుంచి ఒకటి వచ్చింది, దాని వెనక ఒక పిల్ల, ఆ వెనక ఇంకా ఏవో. అంత పెద్ద ఒంటికి అడుగుల చప్పుడే లేదు, దానికే నాకు ఎక్కువ భయం వేసింది. ముందుది ఉయ్యాల దగ్గర ఆగింది. తొండం చాచి చీర లోపల పెట్టింది. పాల వాసన ఉంటుంది కదా అందులో. చాలాసేపు వాసన చూసింది. ఉయ్యాల ఊగింది. అందులో ఇంతకు ముందు ఎవరున్నారో గుర్తుకు వచ్చి నేను కళ్లు మూసుకున్నాను. వేలు మాత్రం తీయలేదు.

కళ్లు తెరిచేసరికి చీర లేదు. ముడులతో సహా పీక్కొని, దాన్ని పట్టుకొనే పోయింది. వామిని చిందరవందర చేసి, మిగతావి కూడా దాని వెంటే పోయాయి. తర్వాత వాన కురిసింది. బండ మీద తడిసి ముద్దయ్యాం, చలికి పళ్లు కొట్టుకున్నాయి.

అమ్మ ఆ చీర కోసం ఎన్నాళ్లు ఏడ్చిందో చెప్పలేను. ఎవరు కనబడినా చీర సంగతే. అంచు ఎట్లుండేది, రంగు ఎట్లుండేది అని ఒకటే చెప్పేది. బిడ్డ సంగతి మాత్రం ఏనాడూ ఎత్తలేదు. నాకు చాలా పెద్దయ్యాక అర్థమైంది, ఆమె ఏడ్చింది చీర కోసం కాదని. ఆ తర్వాత కొత్త తావుకు పోతే అవ్వ చెప్పక ముందే అమ్మ నేల మీద పడుకునేది. నేనూ అంతే. రోజులు గడిచాక ఒకసారి అవ్వను అడిగాను, నీకూ భయం వేసిందా అని. "వేసింది పాపా. అది వేసింది కాబట్టే కదా లేచి పోయినాం" అంది.

నేను పెళ్లయి హోసూరు వచ్చిన రోజు గదిలో అందరూ బయటికి పోయాక నేల మీద పడుకొని పైకప్పు చూశాను. ఈ ఇల్లు కట్టినప్పుడూ అంతే. మొన్న మోకాలికి ఆసుపత్రిలో చేరినప్పుడు మంచం కింద పడుకొని చూస్తానంటే నర్సమ్మ ఒప్పుకోలేదు, అదే కొరత. తమ్ముడు ఇప్పుడు గురుబరపల్లిలో తాత అయ్యాడు. వాడికి ఇవేవీ తెలియవు. వాణ్ణి చూసినప్పుడల్లా నా చిటికెన వేలు తడి అయినట్టు ఉంటుంది.

మనవరాలికి ఇదంతా చెప్పాను. విన్నది, నవ్వింది, సరే అవ్వా అంది. గుడారం మడిచి, ఉయ్యాల కూడా ఒకటి కొనుక్కొని, శనివారం పొద్దున్నే పోయింది. మధ్యాహ్నం నుంచి ఫోను కలవలేదు. కొండల్లో సిగ్నల్ ఉండదని కొడుకు నచ్చజెప్పాడు. కోడలు సంగటి పెట్టింది, ముద్ద దిగలేదు. పొద్దు వాలేకొద్దీ నాకు కొమ్మలు విరిగే చప్పుడు వినబడుతోంది, హోసూరు బజారు లారీల మోతలో కూడా. చీకటి పడక ముందు ఫోను టింగుమంది. దాని కోసం చెయ్యి చాపబోతే తెలిసింది, అప్పటిదాకా నా ఎడమ చిటికెన వేలును కుడి చేత్తో పిడికిట పట్టుకొని ఉన్నానని.

ఫోటో పంపింది. అందులో గుడారం లేదు, స్నేహితురాళ్లు లేరు. కింద పడుకొని తీసినట్టు ఒట్టి కొమ్మలూ ఆకాశమూ ఉన్నాయి. కొమ్మ కొమ్మనూ పెద్దది చేసి చూశాను. వీడియో కాల్ చేసి చెట్టు మాను కూడా చూపించమని అడిగాను. చూపించింది. పైదాకా చూపించమన్నాను. నవ్వుతూనే పైదాకా చూపించింది. మన్ను లేదు.

అప్పుడు లేచి పోయి సంగటి తిన్నాను.