వెనకమనిషి

మా బావ వెర్లిన్ స్టాంపర్ సిగ్గుపడగా నేను ఒక్కసారే చూశాను. కర్మ కొద్దీ అదే సమయానికి మా మిస్సోరీ పట్టణంలో సగం మంది కూడా చూశారు.

సైన్యంలో పన్నెండేళ్ళు లారీ నడిపి వచ్చిన మనిషి, ఇంటికొచ్చాక కోళ్ళ ఫ్యాక్టరీలో పెట్టెలు మోస్తున్నాడు. లారీ లైసెన్సు వస్తే తప్ప ఆ కంపులోంచి బయటపడే దారి లేదు. మా ఊళ్ళో లారీ నేర్పే బడి ఉంది గానీ అది వేరే ఊరి బడికి కొత్త శాఖ. శాఖ తెరిచి రెండేళ్ళు నిండేదాకా మాజీ సైనికుల ఫీజు ప్రభుత్వం కట్టదు. ఆ అడ్డు తీసేసే చట్టం రావాలని మాజీ సైనికుల సంఘం హాలులో అందరికన్నా గట్టిగా అరిచింది మా బావే. చట్టం వచ్చింది. మొదట చేరిందీ ఆయనే. మా అక్క నోరీన్ చర్చిలో ఈ మాట చెప్పని మనిషి లేదు.

నేనూ అదే బడిలో చేరాను. మాకు నేర్పేది ఒకావిడ. మొదటి వారంలోనే సంగతి బయటపడింది. బావకి లారీ వెనక్కి నడపడం రాదు; హద్దులకి నిలబెట్టిన ప్లాస్టిక్ కోన్లని పడగొట్టేస్తున్నాడు.

ముందుకు నడిపితే కళ్ళకద్దుకోవచ్చు. కానీ సైన్యంలో వెనకమనిషి లేకుండా లారీని వెనక్కి కదపనివ్వరు. ఒకడు వెనక నిలబడి చేతులతో సైగ చేస్తే, డ్రైవరు అద్దంలో ఆ చేతులు చూస్తూ తిప్పుతాడు. పన్నెండేళ్ళూ బావ చూసింది చేతులనే గానీ లారీ వెనక తగిలించిన ట్రైలర్‌ని కాదు. బయట సరుకు దింపే చోట ఆ చేతులు ఎవరిస్తారు?

"దిగి వెనక్కెళ్ళి చూసుకో బావా. మేమంతా దిగట్లేదా?" అన్నాను.

"ఈ కుర్రకుంకల ముందు ఎక్కుతూ దిగుతూ ఉండమంటావా? సార్జెంటుని నేను."

"సార్జెంటువే. అందుకే కోన్లన్నీ నీకు సాష్టాంగపడుతున్నాయి."

ఎప్పుడూ నా ఎకసెక్కాలకు నవ్వేవాడు. ఈసారి నవ్వలేదు.

ఇంతలో మాజీ సైనికుల సంఘం వాళ్ళు శనివారం బడికి వస్తామన్నారు. కొత్త చట్టం కింద చేరిన మొదటివాడు ట్రైలర్‌ని కోన్ల వరసల మధ్యకు వెనక్కి పెడుతుంటే చూసి మురిసిపోవాలని వాళ్ళ సరదా. ముందురోజు బావ మా పెరటి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"ట్వైలా, నువ్వు కంచె దగ్గర ఊరికే నిలబడినట్టు నిలబడి, నాకు సైగ చెయ్యాలి."

నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. సైగలన్నీ నేర్పించాడు. పెద్దమనిషి అలా బతిమాలుతుంటే నాకే తల తీసేసినట్టయింది.

శనివారం వాళ్ళు పెద్ద కేకుతో దిగారు, వాళ్ళ వెనకే సగం ఊరు. నేను దోమలు తోలుతున్నట్టు చేతులాడించాను. ట్రైలర్ సొరుగు మూసినంత నున్నగా లోపలికి వెళ్ళింది. చప్పట్లే చప్పట్లు. అక్క కళ్ళు తుడుచుకుంది.

సంఘంలో అందరికన్నా పెద్దాయన ఎమెట్ క్రౌడర్. వియత్నాంలో లారీ నడిపినవాడు. ఆయన బావ దగ్గరకు వెళ్ళకుండా తిన్నగా నా దగ్గరకొచ్చారు.

"చేతులు బాగున్నాయమ్మా. నువ్వు ఏ పటాలంలో చేశావు?"

లారీ దిగి వస్తున్న బావ విన్నాడు. మిగతా ముసలాళ్ళంతా తమ బూట్లు చూసుకుంటున్నారు. అందరూ ఆ సైగలతో బతికినవాళ్ళే. అందరికీ తెలుసు. తెలిసే చప్పట్లు కొట్టారు! ఆ దయకన్నా చెంపదెబ్బ నయం. భూమి చీలితే ఇద్దరం దూకేవాళ్ళం.

"నువ్వెళ్ళి కార్లో కూర్చో," అన్నాడు బావ నా వైపు చూడకుండా. లారీ ఎక్కి, బయటికి లాగి, ఒంటరిగా మళ్ళీ వెనక్కి పెట్టబోయాడు. కోన్లు పడ్డాయి. ట్రైలర్ అడ్డం తిరిగింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ తిరిగింది. ఇంజను ఆపేసి లోపలే కూర్చుండిపోయాడు.

"కేకు కోద్దాం రండి," అంది అక్క. ఎవరూ కదల్లేదు.

ఎమెట్ గారు లారీ మెట్టెక్కి కిటికీ పట్టుకున్నారు.

"దిగవోయ్."

"ముందు వాళ్ళని పొమ్మనండి."

"కేకు తినకుండా ఎక్కడికి పోతారు? ఇదిగో, యుద్ధం నుంచి వచ్చాక నాకిచ్చిన లారీ ఉద్యోగం ఎందుకొదిలేశానో తెలుసా?"

"నడుం నొప్పన్నారుగా."

"నా నడుముకేం, గుండ్రాయిలా ఉంది. వెనక్కి పెట్టడం రాదు. దిగి చూసుకోడానికి సిగ్గు. ఆ సిగ్గుతోనే జీవితమంతా నీ ఫ్యాక్టరీలోనే పెట్టెలు మోశాను. మా ఆవిడ పోయేదాకా నడుంకి తైలం రాసింది పాపం. ఆమెకీ చెప్పలేదు."

"ఇప్పుడు ఊరంతా విన్నది."

"విననీ."

బావ దిగాడు. ఎవరి ముఖమూ చూడకుండా ట్రైలర్ చివరిదాకా నడిచి, మూల చూసుకుని వెళ్ళి ఎక్కాడు. కాస్త వెనక్కి పెట్టి మళ్ళీ దిగాడు. దిగిన ప్రతిసారీ చెవులు కందిపోయాయి. అయినా దిగాడు. ఎండకి కేకు మీద క్రీము కారిపోయింది.

చాలాసేపటికి ట్రైలర్ వంకరగానే లోపలికి చేరింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎమెట్ గారు టోపీ తీసి చేత్తో పట్టుకుని, మాకు నేర్పే ఆవిడ ముందు నిలబడ్డారు.

"తర్వాత నేనెక్కొచ్చా అమ్మా?" అని అడిగారు.