మందకు వీపు తిప్పి చేసిన బేరం

మా చెల్లెలు పద్మకు చొప్పదండి దగ్గర రెండెకరాల పసుపు చేను ఉంది. అది దాని చేతిలో ఇంకెన్నాళ్ళుంటుందో ఈ ఎండాకాలంతో తేలిపోతుంది. నేల గట్టిపడి, పోయిన రెండేళ్ళూ పసుపు సరిగ్గా ఊరలేదు. "ఈసారన్న మంద పెట్టించు. లేకుంటే కౌలుకిచ్చేస్త" అని వాళ్ళ మామ తేల్చి చెప్పాడు. మంద పెట్టించడమంటే, దుక్కికి ముందు గొర్రెలను రాత్రిళ్ళు చేనులోనే పడుకోబెట్టడం. వాటి పెంటే ఎరువు. ఏటా ఊరికి వచ్చే గొర్రెల వాళ్ళు ఈసారి మేత వెతుక్కుంటూ గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు వెళ్ళిపోయారు. వాళ్ళను వెతికి మాట్లాడుకుని రావాలి.

పద్మకు అందరితో మంచిగా ఉండడం వచ్చు, బేరం రాదు. నాకు బేరం తప్ప ఇంకేదీ రాదు. కరీంనగర్‌లో స్టీలు సామాన్ల కొట్టులో, గిన్నెల చప్పుడులో పెరిగినదాన్ని. కొన్న సరుకును ఒక్కొక్కటీ తట్టి, తిప్పి చూసి, లెక్కపెట్టి దించుకోవడం మా ఇంటి అలవాటు. అందుకే తోడు రమ్మంది.

పొద్దున ఆరింటికి కరీంనగర్ బస్టాండులో జగిత్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆడవాళ్ళకు టికెట్టు లేదు. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు చేతిలో పెడతారు. బేరానికి చోటే మిగల్చని ఈ ఏర్పాటు నాకింకా అలవాటు కాలేదు. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: టికెట్టు ఉచితమే గాని, సీటుకు మాత్రం మోచేతులతో చెల్లించాలి.

కొండగట్టు దగ్గర బస్సు ఆగీ ఆగగానే కిటికీలోంచి నల్లటి చేయి ఒకటి లోపలికి వచ్చి, పద్మ ఒళ్ళో ఉన్న సర్వపిండి మూటను పట్టుకుపోయింది. వెనక సీట్లో ముసలాయన కేకేశాడు. "కోతుల దండు దిగింది, కిటికీలు మూయుండ్రి!"

పొద్దుటి తిండి పోయిన మంట నాకు. "నాలుగు కోతులకే దండేంది తాతా?" అన్నాను.

"నాలుగని ఎవలన్నరు బిడ్డా? కోతులకు దండు, కొంగలకు బారు, తేనెటీగలకు తుట్టె."

"పందులకు?"

"చేన్ల వడ్డంక పేరేంది వాటికి?"

"మరి ఎన్నుంటే దండు?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఎన్నుంటే ఏంది? నీ మూట పోయిందా లేదా?"

బస్సంతా నవ్వింది. పద్మ కూడా నవ్వింది, ఆ మూట కట్టింది తనే అయినా.

జగిత్యాలలో ఇడ్లీ తిని, ధర్మపురి మీదుగా గోదావరి దాటి, లక్షెట్టిపేటలో బస్సు మారి జన్నారం చేరేసరికి మధ్యాహ్నం. ఊరు దాటాక కోసేసిన చేలలో ఒక మంద కనిపించింది. తుమ్మచెట్టు నీడలో గొర్రెల కాపరి, అతని భార్య అన్నం తింటున్నారు. పద్మ వాళ్ళ పక్కన కూర్చుని వానల సంగతి, పిల్లల చదువు సంగతి మొదలుపెట్టింది. ఇట్లయితే సాయంత్రం దాకా అసలు మాట రాదనిపించింది. నేను మందలోకి నడిచి, వేలు పెట్టి చూపిస్తూ, కొట్టులో పళ్ళాలు లెక్కపెట్టినట్టే పైకే మొదలుపెట్టాను. తలకింత అని మాట్లాడితే ఇద్దరికీ మంచిదని నా ఉద్దేశం.

పది కూడా దాటలేదు. కాపరి భార్య తింటున్న అన్నం వదిలేసి లేచింది. "ఓయమ్మా, ఏం పని చేస్తున్నవే! జీవాలను లెక్కవెడుతరా ఎవలన్న?" పిడికెడు దుమ్ము తీసి మంద చుట్టూ చల్లింది. నా వైపు కూడా కొంత చల్లింది.

"లెక్క లేకుంటే బేరమెట్ల?" అన్నాను.

"నీ బేరం వద్దు, నీ పైసలు వద్దు. మంద పలుచవడుతది. నడువుండ్రి" అన్నాడు ఆయన. గొంగడి భుజాన వేసుకుని మందను మళ్ళించుకుని వెళ్ళిపోయాడు. మంద ఎంతని నోటితో అనడం, వేలితో చూపించడం వాళ్ళలో లేదట. అట్లా చేస్తే జీవాలు తగ్గిపోతాయని భయం. ఈ సంగతి పద్మకు ముందే తెలుసు.

"మరి చెప్పవా?" అని అరిచాను.

"గొర్రెలను లెక్కవెడుతవని నాకేమెరుక అక్కా? అడుగుతవనుకున్న, అంతే."

ఇంకో మంద కోసం ఎక్కిన ఉట్నూరు బస్సులో అలిగి ముఖం తిప్పుకున్నాను. సీటు దొరికింది, అది వేరే మాట.

ఉట్నూరులో దిగేసరికి నాలుగైంది. బస్టాండు ఎదురు చాయ్ హోటలామెను, మందలేమన్నా చూశావా అని అడిగాం. "కళప్ ఒకటి పొద్దుగాల ఇట్లనే పోయింది" అంది. మహారాష్ట్ర దగ్గర కాబట్టి ఇక్కడ మందను అట్లా కూడా అంటారని పద్మ చెప్పింది. పేరేదైతే నాకెందుకు? "ఎంత పెద్దదక్కా?" అని మెల్లగా అడిగాను. ఈసారి వేలు కొంగులో దాచుకున్నాను.

"అది రోడ్డు దాటెటాలకు నా చాయ్ మసిలి పొంగింది" అంది ఆమె.

చిన్న గిన్నెనా, పెద్ద గిన్నెనా అని అడగబోయాను. పద్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

ఆ పూట లాడ్జిలో దిగాం. ఫ్యాను తిరగని గదికి లాడ్జివాడు ఫ్యాను ఉన్న గది ధర చెప్పాడు. సగానికి దించాను. రెండు రోజుల్లో నేను గెలిచిన బేరం ఇదొక్కటే కాబట్టి రాస్తున్నాను. రాత్రి జొన్న రొట్టె, ఉల్లిగడ్డ కారం. రొట్టె బాగుంది, ఉల్లిగడ్డ ఇంకోటి అడిగితే వడ్డించేవాడు ముఖం ముడుచుకున్నాడు.

మర్నాడు ఏడింటికి చాయ్ హోటలామె చెప్పిన దారిలో ఆటోలో వెళ్ళాం. మంద యజమాని పేరు మల్లేశం. గంగాధర వైపు మనిషి, మన దిక్కు వాడే. నన్ను చూడగానే చెయ్యెత్తి ఆపాడు.

"కరీంనగర్ నుంచి వచ్చిన అక్క నువ్వేనా? జన్నారంల లెక్కవెట్టినవంట. నిన్ననే ఫోన్లొచ్చినయి."

పరువు నాకంటే ముందే బస్సెక్కి వచ్చేసింది. "తప్పయింది అన్నా" అన్నాను.

"అయితే అటు తిరిగి నిలవడు. మందను చూడకు. అప్పుడు మాట్లాడుదాం."

కొనే సరుకుకు వీపు తిప్పి బేరమాడిన మనిషి మా బజారులో ఇంతవరకు ఎవరూ లేరు. టేకు చెట్లకేసి ముఖం పెట్టి నిలబడ్డాను. వెనక మెడగంటలు, దగ్గులు, గొర్రెపిల్లల అరుపులు. దుమ్ము లేచి మెడ మీద పడుతోంది.

"మంద అంటే ఎంత అన్నా?" అన్నాను చెట్లతో.

"మందంటే మందే."

"సగమే తోలుకొచ్చి మంద అంటే?"

"పొద్దుగాల లేచి చేన్ల నడువు. పెంట లేకుంట కాలు వెట్ట సందు దొరికితే గా రాత్రి బియ్యం ఇయ్యకు."

అందులో వంకపెట్టడానికి ఏమీ దొరకలేదు. అదే నన్ను కాల్చింది. ఆ తర్వాత అతని షరతులు మొదలయ్యాయి: రాత్రికింత బియ్యం, ఖర్చులకు పైసలు, రెండు పూటలా చాయ్, కుక్కలకు జొన్న గట్క. కుక్కలెన్ని అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. వీపు వెనక మనిషితో ఎట్లా గీచిగీచి మాట్లాడతాం? అతని ముఖం కనబడదు, అతనికి మాత్రం నా మెడ మీది చెమట కనబడుతోంది. చివరికి ఒక పూట చాయ్ తగ్గించగలిగాను.

అంతలో అతను పద్మను అడిగాడు. "నీ చేనుకు ఏమైంది చెల్లె?"

"వానొస్తే నీళ్ళు మీదికెల్లి జారిపోతున్నయన్నా. లోపటికి దిగుతలేవు. పారతోని కొడితే రాయి మీద కొట్టినట్టే. ఈ ఏడు కాకుంటే మామ కౌలుకిస్తడు."

"రోహిణి కార్తె పోకముందే నీ చేన్ల ఉంటం. వేరే ఒకాయనకు మాటిచ్చిన, నీ దాని తర్వాత పోత" అన్నాడు. బయానా తీశాను. "నీ చెయ్యి వద్దక్కా, చెల్లెనే ఇయ్యనీ" అన్నాడు. నా డబ్బులు పద్మ చేతిలోంచి వెళ్ళాయి.

తిరుగు ప్రయాణంలో జగిత్యాల దాకా కిటికీ సీటు. ఈ దారిన మంద వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగిందింతే: తిండి మూత డబ్బాలో పెట్టుకోండి, వేళ్ళు కొంగులో పెట్టుకోండి, ఎంత అనే మాటను ఇంట్లోనే వదిలి రండి. నేను తెచ్చిన బేరంలో గొర్రెలెన్నో నాకు తెలియదు. ఒక్కటి కూడా సరిగ్గా చూడలేదు.

ధర్మపురి దాటాక పద్మ వాళ్ళ మామ ఫోన్ చేశాడు. చెల్లి స్పీకర్ పెట్టింది.

"దొరికిందా?"

"దొరికింది మామా. గంగాధర దిక్కు మల్లేశం మంద. రోహిణిలనే వస్తనన్నడు."

"మంచిది. కౌలాయనకు రావద్దని చెప్త" అని పెట్టేశాడు.

ఎన్ని గొర్రెలని ఒక్క ముక్క అడగలేదు! రెండు రోజులుగా నేను అడుగుతున్న ఆ ఒక్క ప్రశ్న, చేను గల మనిషికే అక్కర్లేకపోయింది. నేను తిట్టడం మొదలుపెట్టాను. పద్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, చాలాసేపు విని, నా భుజం మీద తల పెట్టింది.

"విత్తనానికి పసుపు కొమ్ములు కొనేటప్పుడు మాత్రం నువ్వే రావాలె అక్కా. అవి తూకమేసి ఇస్తరు."