తిట్టరాని మాటతో బేరం

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో నిక్షేపంగా నడవాల్సిన దుకాణాన్ని మొదట్లోనే ముంచబోయిన ఘనత నాది. పదేళ్ల పిల్లకు అంత ప్రతిభ ఊరికే రాదు.

మాది సరూర్‌నగర్. మా బాపు ఉన్న కాస్త పొలం అమ్మి స్టీలు సామాన్ల దుకాణం పెట్టాడు. అది పోతే మళ్లీ దున్నుకోవడానికి జానెడు నేల లేదు. కొనేవాళ్లలో సగం మంది కోస్తా నుంచి వచ్చి కాలనీల్లో స్థిరపడ్డవాళ్లు. నేను ‘ఏంది’ అన్నప్పుడల్లా వాళ్ల పిల్లలు బడిలో కోతిని చూసినట్టు చూసి నవ్వేవాళ్లు. వాళ్లను ఏవగించుకోవాల్సింది పోయి, నేను నా మాటనే ఏవగించుకున్నాను. అంతటితో ఆగానా? “బాపూ, గట్ల మాట్లాడితే ఎవరు కొంటరు? అండీ అను” అని ఆయనకు పాఠాలు మొదలుపెట్టాను.

పాపం, నేర్చుకున్నాడు. గిరాకీ పెరిగింది. సామాను ఖాళీ అవుతోంది, కొత్త సామాను తేవడానికి చూస్తే గల్లా అంతకంటే ఖాళీ.

అప్పుడు వచ్చింది మా మేనత్త, బాపుకు అక్క. వీధులు తిరిగి పెరుగమ్మే మనిషి. ఒక బిందె ముందుకు లాక్కుని, “నన్ను గిరాకీ అనుకో తమ్మీ, బేరం జెయ్” అంది. బాపు నా వైపు గర్వంగా చూసి ధర చెప్పాడు. ఆమె సగానికి అడిగింది.

“అంత తక్కువకు రాదండీ.”

ఆమె కదల్లేదు.

“పోనీ, మీరు కాబట్టి తీసుకోండమ్మా.”

కొన్న ధర కూడా రాలేదు.

“తిట్టరాని మాటతోని బేరమేందిరా? నీ నోటితోనైతే ‘పోవమ్మా, పో’ అంటవ్. గీ అరువు నోటికి వద్దనుడే రాదాయె!” అని, అత్త బిందె చంకన పెట్టుకుని పోయింది. మళ్లీ తిరిగివ్వలేదు. ఫీజట.

మర్నాడు కాలనీ నుంచి ఒకావిడ వచ్చి గీచిగీచి బేరమాడింది. “గా ధరకు బిందె కాదమ్మా, చెంచా గూడ రాదు. గా పక్క దుకాణం జూస్కో” అన్నాడు బాపు. ఆవిడ ‘వీళ్లకు మర్యాద తెలీదు’ అని గొణిగి, నాలుగడుగులు పోయి, వెనక్కొచ్చి బాపు చెప్పిన ధరకే కొనుక్కుంది. మర్యాద అంత ముఖ్యమైతే పక్క దుకాణానికే పోవచ్చుగా!

ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో నాదీ అదే వ్యాపారం. కొత్తగా షాపులు తెరిచేవాళ్లు కౌంటర్ దగ్గర టీవీ తెలుగు మాట్లాడే పిల్లల్ని ఏరికోరి పెట్టుకుంటుంటే చూసి నవ్వుకుంటాను. అత్త మాట నాతోనే ఉంది. నా పాత రోగమూ ఉంది. నిన్న ఒకావిడ కట్టుకొచ్చిన ఖరీదైన చీర చూడగానే నా నోటి నుంచి ‘అండీ’ జారింది. “అబ్బ, మీరు ఇక్కడివాళ్లలా మాట్లాడరే!” అంది. అది తిట్టేనని తెలుసు. అయినా మురిసిపోయాను.

బిల్లు: కుక్కర్ ఒకటి, కొన్న ధరకే. గరిటె ఒకటి, ఉచితం.