ఒకే గడిలో రెండు రక్తనాళాలు

మామిడి కోతల రోజుల్లో మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తీరిక ఉండదు. కొడుకూ కోడలూ తెల్లారకముందే రెడ్డిగూడెం తోటకు వెళ్ళిపోయేవారు. పురిటికి వచ్చిన మనవరాలిని నూజివీడులో స్కానింగ్‌కు తిప్పే పని అందుకే నా మీద పడింది. ఆమెకు ఎనిమిదో నెల. బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉందని, వారం వారం డాప్లర్ తీయించమని డాక్టరమ్మ చెప్పారు. బొడ్డుతాడులో పారే రక్తానికి ఎంత అడ్డు తగులుతోందో ఆ మిషను అంకెగా చూపిస్తుంది. అంకె పెరిగితే బిడ్డకు రక్తం సరిగా అందడం లేదని అర్థం.

ఈ సంగతి నాకు ఒకరు చెప్పాలా? ముప్పై రెండేళ్ళు ఎత్తిపోతల పథకంలో పైపులైన్లు చూసినవాణ్ణి. పైపులో అడ్డు పెరిగితే చివరి చేనుకు నీరు చేరదు. డైరీలో గళ్ళు గీసి, తేదీ ఒక గడిలో, అంకె ఒక గడిలో రాయడం మొదలుపెట్టాను. మొదటి వారం 0.74.

రెండో వారం స్కానింగ్ సెంటర్లో రెండున్నర గంటలు కూర్చోబెట్టారు. తిరగని ఫ్యాను కింద కుర్చీ దొరికింది. పక్కన కూర్చున్న మైలవరం ఆవిడ, "ఆడబిడ్డా, మగబిడ్డా? చెప్పారా బాబాయిగారూ?" అని మూడుసార్లు అడిగింది. అది చెప్పడం నేరమని గోడ మీద జానెడేసి అక్షరాలతో ఉన్న బోర్డు చూపించాను.

"బోర్డు సరేనండీ, మీకు చెప్పలేదా మరి?"

రిపోర్టు చేతికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. నా తల వేడెక్కిపోయి ఉంది. మొదటి పేజీలో కనిపించిన అంకె 0.66. తగ్గింది! 'వెంటనే మీ డాక్టరుకు చూపించండి' అని అడుగున ఉంది. ప్రతి రిపోర్టు కిందా ఉండే మాటే అనుకున్నాను. డాక్టరమ్మ సాయంత్రం ఐదుకు గానీ రారట. మర్నాడు ఆదివారం కాబట్టి సోమవారం చూపిద్దామని మనవరాలిని ఇంటికి తీసుకొచ్చేశాను. డైరీలో 0.66 రాసి, పక్కన టిక్కు కూడా పెట్టాను.

నాలుగింటికి మనవరాలు వచ్చి నా బల్ల దగ్గర నిలబడింది.

"తాతయ్యా, పొద్దుట్నుంచీ బిడ్డ సరిగా కదలట్లేదు."

"అంకె తగ్గిందమ్మా. నిద్రపోతూ ఉంటుంది."

"నీ డైరీకి కడుపుందా? నాకుంది. కారు తియ్యి."

దారి పొడుగునా మామిడికాయల ట్రాక్టర్లు. ఒక్కడూ పక్కకు తప్పుకోడు. నా చిరాకంతా హారన్ మీద చూపించాను.

ఐదింటికి వచ్చిన డాక్టరమ్మ రిపోర్టు చూస్తూనే లేచి నిలబడ్డారు. "ఇది మధ్యాహ్నమే వచ్చిందా? ఇంతసేపు ఏం చేస్తున్నారండీ?"

"అంకె తగ్గింది కదండీ..."

"ఈ పేజీలోది బొడ్డుతాడుది కాదండీ, బిడ్డ మెదడు రక్తనాళానిది. అక్కడ ఇలా తగ్గకూడదు. రక్తం చాలనప్పుడు బిడ్డ మెదడుకు ముందు అందేలా ఆ నాళం వదులవుతుంది. బొడ్డుతాడుది రెండో పేజీలో ఉంది, చూశారా? అది పెరిగింది."

నేను రెండో పేజీ తిప్పలేదు. నీళ్ళు చాలనప్పుడు మిగతా వాల్వులు కట్టేసి ఒక్క మడినే తడుపుకొనే రైతుల్ని ఎంతమందిని చూశాను! ఆ మడి పచ్చగా ఉంది కదా అని కాలవ నిండా నీళ్ళున్నాయని ఏనాడూ రాయలేదు. ఇక్కడ మాత్రం రెండు వేర్వేరు నాళాల అంకెల్ని ఒకే గడిలో పెట్టి టిక్కు కొట్టాను.

ఆ సాయంత్రమే విజయవాడ తీసుకెళ్ళాం. వెళ్ళగానే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, కిలోన్నర. ఇరవై రెండు రోజులు గాజుపెట్టెలో ఉండి ఇంటికొచ్చింది. ఇప్పుడు దాని ఏడుపుకి నాకు పేపరు చదవడం కుదరడం లేదు.

మొన్న మనవరాలు నా డైరీ తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగింది.

"ఈ టిక్కు ఇంకా ఉంచావేంటి? కొట్టెయ్యి."

"నా డైరీల్లో కొట్టివేతలు ఉండవమ్మా."

"అయితే పక్కన రాయి. తాతయ్య రెండో పేజీ తిప్పలేదు అని."

రాశాను. పిల్లను భుజం మీద వేసుకుని వంగి చదివింది.

"తేదీ వెయ్యలేదు," అంది.