నూట ఇరవై నాలుగు మెట్లు

లెక్కపెట్టడం నాకు ఎవరూ నేర్పలేదు. ఇంటర్‌లో లెక్కలు తప్పాక ఆ సబ్జెక్టు వదిలేసి, తర్వాత నాకు నేనే నేర్చుకున్నాను. కుడిచేతి బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ళ కణుపుల మీదుగా నడిపితే పన్నెండు. అలాంటి పన్నెండ్లు ఎన్నయ్యాయో ఎడమచేతి కణుపులు గుర్తుపెట్టుకుంటాయి. కాగితం అక్కర్లేదు.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. ఎక్కడికి వెళ్ళినా "ఎన్ని నాన్నా?" అని అడుగుతుంది. గుడిలో స్తంభాలు, బ్రిడ్జికి కట్టిన తీగలు, పార్కింగ్‌లో ఎర్ర కార్లు, ఏవైనా సరే. ఆ ప్రశ్న ఇంకెవరినీ అడగదు. ఇంట్లో నాకున్న పెద్దరికమంతా అదే.

మొన్న ఎండ బాగా కాసిన ఒక శనివారం, జెర్సీ సిటీలో రైలెక్కి నేనూ, మా ఆవిడా, అమ్మాయీ ముగ్గురం మాన్‌హట్టన్ వెళ్ళాం, ఒక పాత గోతిక్ చర్చి చూడటానికి. గైడ్‌కి డెబ్భై దాటి ఉంటాయి. ఒకప్పుడు అదే చర్చి గోడలకు రాళ్ళు చెక్కిన మేస్త్రీ అట. వేళ్ళు ఎంత లావంటే, ఆ కణుపుల మీద లెక్క సాగదనిపించింది.

మా అమ్మాయిని హాలు మధ్యలో నిలబెట్టి చప్పట్లు కొట్టమన్నాడు. చప్పుడు పైకప్పు దాకా పోయి, తిరిగొచ్చి, నెమ్మదిగా ఆగిపోయింది. ఎన్ని సెకన్లు పట్టిందని అడిగాడు. "సిక్స్!" అని గెంతింది. నా లెక్కకు అయిదున్నర. నన్ను ఎవరూ అడగలేదు.

తర్వాత దాని రెండు చేతులూ పైకెత్తించి వేళ్ళ కొసలు కలిపించాడు. అదే ఇక్కడి ఆర్చి అన్నాడు. పైనుంచి కాస్త నొక్కితే మోచేతులు పక్కలకు జారాయి. "అందుకే బయటినుంచి ఒకరు పట్టుకోవాలి. గోడలకు బయట కట్టిన ఆ రాతి చేతులు అందుకే," అంటూ మోచేతులు తనే పట్టుకున్నాడు. రెండు ఖాళీ చేతులతో నేను పక్కనే ఉన్నాను.

అమ్మాయి పైకప్పు మీది రాతి గీతలు చూపించి, "హౌ మెనీ?" అంది. నన్ను కాదు, ఆయన్ని.

ఆయన చెప్పాడు. "థాంక్యూ అంకుల్," అంది. జనం ముచ్చటపడి నవ్వారు. అంకుల్ అన్న మాట మా అమ్మాయి మనవాళ్ళకే వాడుతుంది. ఒక్క గంటలో ఈయనకు అదీ దక్కింది.

పైకి వెళ్ళే సన్నటి గుండ్రటి మెట్ల దగ్గర ఆయన, "నూట ఇరవై నాలుగు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇక్కడే ఉండండి," అన్నాడు. మా ఆవిడ కింద బెంచీ మీద కూర్చుంది. నేను మొదటి మెట్టు నుంచే బొటనవేలు కదిపాను. పైకి చేరేసరికి పది పన్నెండ్ల మీద అయిదు. దాచుకోలేకపోయాను.

"నూట ఇరవై అయిదు," అన్నాను, అందరికీ వినబడేలా.

ఆయన నాతో వాదించలేదు. మా అమ్మాయి వైపు తిరిగి నీకెన్ని అన్నాడు.

"వన్ ట్వెంటీ ఫోర్. నాన్నా, నువ్ పై ఫ్లోర్ కూడా కౌంట్ చేశావ్. దట్స్ చీటింగ్!"

ఇరుకు గదిలో పదిమంది నవ్వు చాలా గట్టిగా వినిపిస్తుంది. మా వైపు ఇంటి మెట్లు బేసి సంఖ్యలో ఉండాలంటారు. కుడికాలితో మొదలుపెడితే పై నేల మీద పడేదీ కుడికాలే కావాలి. అందుకే ఆ నేలనూ కలిపే లెక్కపెట్టడం నాకు అలవాటు. ఆయన మాత్రం మేస్త్రీలు తాము పేర్చిన రాళ్ళే లెక్కపెడతారని, పై నేల వేరేవాళ్ళ పని అని మెత్తగా చెప్పాడు. అది సరైన మాటే. సరైనది కాబట్టే ఒళ్ళు మండింది.

దిగేటప్పుడు ఆయన ముందు, ఆయన వెనకే అమ్మాయి, అందరికంటే చివర నేను. ఈసారి రాళ్ళే లెక్కపెట్టాను. నూట ఇరవై నాలుగు.

"ఏంటండీ, మొహం అలా ఉంది?" అంది మా ఆవిడ.

"నాన్న ఓడిపోయాడు. బై వన్," అంది అమ్మాయి.

"ఎవరితో? ఆ ముసలాయనతోనా? ఆయన మీద కూడా కుళ్ళేనా మీకు!"

అమ్మాయి నా చెయ్యి లాగింది. "కానీ దిగేటప్పుడు నాకు వన్ ట్వెంటీ ఫైవ్ వచ్చింది నాన్నా. కింద ఫ్లోర్ కూడా కలిపా, నీలాగా. నీకెన్ని?"

"నూట ఇరవై నాలుగు."

"అదేంటి? అది అంకుల్ లెక్క కదా!"

నేను ఆయన లెక్కకు మారేసరికి అది నా లెక్కకు వచ్చింది.

వెళ్ళేముందు ఆయన దానికి ఒక రాతి ముక్క ఇచ్చాడు, చెక్కినప్పుడు రాలిందట. రైల్లో ఇంటిదాకా గుప్పిట్లోనే పెట్టుకుంది. ఇప్పుడు దాని చదువుకునే బల్ల మీద ఉంది. మా ఇంట్లో నేను లెక్కపెట్టని వస్తువు అదొక్కటే.