కుప్పంలో నా గది

నన్ను ప్రమోషన్ మీద గుడుపల్లె హైస్కూలుకు వేసినప్పుడు మా ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. మదనపల్లెలో మా ఆయనకు ఎరువుల అంగడి. కూతురు ఎనిమిదో తరగతి. అత్తకు మోకాళ్ల నొప్పులు. రోజూ పోయి వచ్చే దూరం కాదు కాబట్టి ఆ పక్కనే ఉన్న కుప్పంలో గది తీసుకుని, శనివారాలు పలమనేరు, పుంగనూరు మీదుగా ఇంటికి రావాలని తేల్చారు. బయలుదేరే రోజు అత్త నా సంచిలో ఊరగాయ సీసా పెడుతూ ఏడ్చింది.

"ఒక్కదానివే ఆడెట్టుంటావమ్మా, ఏం తింటావు?"

నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు నిజమే. కానీ నెల రోజులు కూడా నిలవలేదు.

గది మిద్దె మీద, రైలు స్టేషనుకు దగ్గర. బడి నుంచి వచ్చి తలుపు వేసుకుంటే నన్ను పిలిచేవాళ్లు లేరు. పెళ్లయినప్పటి నుంచి అందరికీ దోసెలు పోసి, చివర్న నిలబడి తినడమే నాకు అలవాటు. అక్కడ పెనం మీది మొదటి దోసె నాదే. స్టౌ పక్కనే కూర్చుని, వేళ్లు కాలుతున్నా ఆగకుండా తినేదాన్ని. సాయంత్రాలు ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని చెనిక్కాయలు వొలుచుకుంటూ బెంగళూరు రైళ్లు చూసేదాన్ని. మర్నాటి సైన్సు పాఠం కోసం ఎక్కడినుంచో గుమ్మడిపూలు వెతికి తెచ్చుకునేదాన్ని. పాఠం కూడా ఇదివరకటికంటే బాగా చెబుతున్నానని పిల్లల ముఖాలు చూస్తే తెలిసిపోయేది. అంతే, చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. అయినా నా బతుకు నాకు అంత నచ్చడం అదే మొదలు.

ఇంటికి ఫోను చేయాలంటే ఎస్టీడీ బూతు నుంచి పక్కింటికి చేయాలి. మా ఆయన వచ్చి, "తిన్న్యావా?" అని అడిగేవాడు. గొంతులోకి నీరసం తెచ్చుకుని, "ఏదో, తిన్న్యాను" అనేదాన్ని. బాగున్నానని చెప్పడానికి నోరు వచ్చేది కాదు.

ఒక శనివారం బస్టాండుకు పోబుద్ధి కాలేదు. స్పెషల్ క్లాసులున్నాయి, రాలేనని ఇంట్లో చెప్పమని పక్కింటావిడకు చెప్పి ఫోను పెట్టేశాను. మా ఆయన్ని పిలవమనలేదు. ఆదివారం తలంటుకుని, మిద్దె మీద ఎండలో జుట్టు ఆరబెట్టుకుని, మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాను.

సోమవారం ఫోను చేస్తే కూతురు వచ్చింది.

"మా, మొన్న యాల రాలేదు?"

"రానని చెప్పమంటినే పాపా."

"ఆయమ్మ మర్సిపోయిందంట, ఇప్పుడు సెప్తాండాది. నేనూ నాయనా బస్టాండులో కాసుకోనుంటిమి. పుంగనూరు బస్సు వచ్చినప్పుడల్లా నేను కిటికీల్లో సూస్తాంటి." మళ్లీ తనే, "బడిలో శానా పనుండాదా మా?" అంది.

దాని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

ఆ శనివారం నేను ఇంటికి వస్తుంటే, మా ఆయన అంగడి పని మీద పుంగనూరు వచ్చి, బస్టాండులో నా బస్సు కోసం చూస్తున్నాడు. ఎక్కి నా పక్కన కూర్చోగానే, "మన ఊరి పక్కనే పోస్టు ఖాళీ అవుతాండాదంట. అడిగొచ్చినా. జూన్‌కు వచ్చేయొచ్చు నువ్వు" అన్నాడు. ముఖమంతా సంతోషం. నాకిక దాచబుద్ధి కాలేదు.

"పోయిన వారం క్లాసుల్లేవు. నాకే రాబుద్ధి కాలేదు."

"యాల? మేమేం తక్కువ సేస్తిమి?"

"ఏం తక్కువ సేయలేదు. ఆడ నాకు బాగుండాది. అంతే."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. బస్సు ఊరు దాటాక, "పాపకు మాత్రం సెప్పొద్దు" అన్నాడు.

జూన్‌లో మదనపల్లెకు వచ్చేశాను. వచ్చిన కొత్తలోనే సాయంత్రం ఓ అరగంట మిద్దె మీద ఒక్కదాన్నే కూర్చోవడం మొదలుపెట్టాను. పాప మెట్లెక్కబోతే అత్త ఆపేది.

"ఉండు పాపా, మీ యమ్మను కొంచేపు ఉండనీ."

మా ఆయనే చెప్పాడో, ఆమే కనిపెట్టిందో నేను అడగలేదు. కింద కుక్కరు కూత వినబడితే లేవబోయేదాన్ని. కొన్నిసార్లు లేచేదాన్ని కాదు. అలా లేవని రోజు రాత్రి అందరి అన్నంలో ఇంకో గరిటెడు నెయ్యి వేసేదాన్ని.